చౌడమ్మ ముందు నా భార్య చేసిన ప్రమాణం

ఏళ్ల తరబడి ఒక మాటను మింగుకుంటూ తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం లేకే మీ దగ్గరికి వచ్చానని ముందే ఒప్పుకుంటున్నాను. కడప జిల్లాలో ఒక నేతగాళ్ల ఊరు మాది. నాన్న, నేను, నా భార్య, ముగ్గురం మగ్గం మీదే బతికాం.

నా భార్యను దొంగను చేశాను. తిండిదొంగను. ఆమె దొంగ కాదని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. మొదటిదానికైతే తెలియక చేశానని ఏదో సాకు చెప్పుకోవచ్చు. రెండోదానికి ఏం చెప్పుకోను?

ఆమె లావుగా ఉండేది. మగ్గం గుంతలోకి దిగి లేవాలంటే మోకాళ్లు సహకరించేవి కావు. బరువు తగ్గితే తప్ప లాభం లేదన్నాడు కర్నూలు డాక్టరు. ఆమె పట్టుబట్టింది. పూటకు ఒక జొన్నరొట్టె, ఇంత ఆకుకూర, తెల్లవారకముందే రోడ్డు వెంట నడక. ఏడాది తిరిగేసరికి రవికలన్నీ బిగించి కుట్టుకోవాల్సి వచ్చింది. మీసం మెలేసింది మాత్రం నేను. కష్టం ఆమెది, గొప్పలు నావి. వీధిలో ఎవరు ఎదురైనా ఆపి మరీ చెప్పుకునేవాణ్ణి.

తర్వాత బరువు మళ్లీ రావడం మొదలైంది. అదే రొట్టె, అదే నడక. అయినా వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. శానా ఆకలైతాండాదని రెండు మూడు సార్లు నాతో అంది కూడా. ఆ మాటనే నేను సాక్ష్యంగా పట్టుకున్నాను. అంత ఆకలేసే మనిషి తినకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు ప్రేమగా చెయ్యి పట్టుకున్నట్టు నటించి ఆమె వేళ్లు వాసన చూశాను. చెనిక్కాయల వాసన. మా అందరికీ చెనిక్కాయల పొడి దంచి పెట్టింది ఆ చేతులేనన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదా, రానివ్వలేదా? ఇన్నాళ్లూ నన్ను నమ్మించి మోసం చేసిందని, ఊళ్లో నా పరువు తీసిందని లోపల మండిపోయాను.

మా ఇంటి దేవత చౌడమ్మ. ఏదైనా తగవు తేలకపోతే గుడిలో ఆ తల్లి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయడం మాలో ఉంది. గట్టు తగాదాలకు, దొంగతనాలకు, అదీ వేరే దారి లేనప్పుడు చేయించే పని అది. దాన్ని నేను ఒక ఆడమనిషి తినే ముద్ద దాకా తెచ్చాను. ఆమె గుడికి వచ్చి, దొంగచాటుగా మెతుకు కూడా ముట్టలేదని చెప్పి, అమ్మానాన్నలు చూస్తుండగా వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పింది.

బరువు ఆగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది. "అమ్మోరి ముందర అబద్దమాడితే ఊరికే పోతాదా నాయనా?" అంది. నేను తల ఊపాను. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టడం ఇంటి కోడలి హక్కు. అప్పటినుంచి అది అమ్మే పెడుతోంది. నా భార్య గడప అవతల నిలబడి చూస్తుంది.

తిండి యావ తగ్గే మందేదైనా రాయించుకు వద్దామని ఒకసారి ఒక్కణ్ణే కర్నూలు వెళ్లాను. విషయమంతా విని డాక్టరు, ఆమె నిజమే చెబుతుండొచ్చు కదా అన్నాడు. తగ్గిన ఒళ్లు తగ్గినట్టే ఉండటానికి ఒప్పుకోదట. అదే పనికి మునుపటికన్నా తక్కువ శక్తి ఖర్చు పెడుతుందట, ఆకలిని మాత్రం పెంచుతుందట. గంజాయి తాగినవాడికి విపరీతంగా ఆకలేస్తుంది చూడండి, అలాంటి పదార్థాలే మన ఒంట్లో కూడా తయారవుతాయట. ఎండోకన్నబినాయిడ్లు అంటారట. ఆకలి పుట్టించడంలో, కొవ్వు దాచుకోవడంలో వాటికీ చెయ్యుందట. తగ్గిన బరువు తిరిగి రావడంలో వాటి వాటా ఎంతో ఇంకా పూర్తిగా తేలలేదని కూడా చెప్పాడు. కరువు చూసిన ఇల్లు పండిన ఏడు కూడా గింజ వదలదు కదా, ఒళ్లూ అంతేనన్నాడు. మీ ఆవిడ మునుపటికన్నా ఎక్కువ ఆకలితో ఉండి కూడా తినకుండా ఓర్చుకుంటోందేమో, ఆమెను ఏమీ అనొద్దని చెప్పి పంపాడు.

బస్సులో కూర్చుని ఏడ్చాను. ఇంటికి వెళ్లగానే అందరి ముందు చెప్పేద్దామనుకున్నాను. వెళ్లేసరికి నాన్న చేతికి నూనె రాస్తూ అమ్మ కోడలి పాపాన్నే తిట్టుకుంటోంది. ఇప్పుడు నిజం చెబితే తప్పు చూపే ఆ వేలు ఎవరి వైపు తిరుగుతుంది? నిజం చెప్పే మనిషిని గుడికి ఈడ్చింది ఎవరు? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు.

ఇక్కడితో అయిపోతే నేను పిరికివాణ్ణని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ ఒక మధ్యాహ్నం, ఆసు దగ్గర కూర్చుని నూలు సరిచేస్తూ ఆమె నన్ను పిలిచింది.

"ఏమయ్యా, నేను నిద్దట్లో లేసి తింటాండానేమో. నాకే తెలీకుండా. లేకుంటే ఒళ్లు యాడనుంచి వస్తాది? రేత్రిపూట నన్ను రోంత కనిపెట్టి చూస్తావా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకేం కావాలి? నువ్వు తినడం లేదు, నాకు తెలుసు అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా?

"సరేలే, చూస్తాలే."

పొద్దున్నే అడిగేది, చూసినావా అని. నిద్ర పట్టేసిందని చెప్పేవాణ్ణి. మర్నాడూ అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. గుడికి పోవడం కూడా మానేసింది. తన ఒంటిని తనే నమ్మని స్థితికి వచ్చింది. ఒళ్లు చేసిన ద్రోహం ఎంతుందో నాకు తెలియదు. నేను చేసింది మాత్రం తెలుసు. నా పరువు కోసం, ఆమె నిజం మీద ఆమెకే నమ్మకం లేకుండా చేశాను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. క్షమించాల్సిన మనిషికి ఈ సంగతే ఇంకా తెలియదు. ఆమెకన్నా ముందు మీకు చెప్పడం కూడా ఇంకో ద్రోహమేనేమో. అయినా ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. అబద్ధమెందుకు, నిజంగానే తేలికపడింది. అది నాకు. ఆమెకు ఏమీ తేలికపడలేదు. నిన్న రాత్రి కూడా ఆకలిగా లేదంటూ తన రొట్టెలో సగం తుంచి నా కంచంలో వేసింది. నేను తిన్నాను.