పసుపు చీరకు సరిపోయిన వెలుతురు

మార్చి రెండో ఆదివారం, పొద్దున్న. హాజరు: నేను, మా ఆవిడ, కింది వాటాలో ఉండే మగ్గం కార్మికుడు, అతని భార్య. స్థలం: మా బాల్కనీ.

ఉద్యోగం అయిపోయాక సూరత్‌లోనే ఉండిపోయి, నీటిరంగులతో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. అతని భార్య, కింది ఇంటి అమ్మాయి, సలాబత్‌పురా బట్టల బజారు నుంచి చీరలు తెచ్చి, ఫోన్లో ఫోటోలు తీసి, తెలిసినవాళ్లకు పంపి అమ్ముతుంది. "మా బాల్కనీలో వెలుతురు బాగుంటుంది, అక్కడ తీసుకో అమ్మా" అని సలహా ఇచ్చింది నేనే. అక్కడ తీసిన ఫోటోలు చూసి సూరత్ శివార్లలోని కామ్‌రేజ్‌లో ఉండే ఓ తెలుగావిడ రెండు చీరలు కొని, రెండూ తిప్పి పంపింది. చుట్టాలందరూ ఆవిడ మాట విని కొంటారు. మూడోదీ అలాగే తేడా వస్తే ఇక ఫోటోలు పంపొద్దని చెప్పేసిందట.

"గామె పోతే ఆళ్ల చుట్టాలంత పోతరు సార్. ఫోటోల ఒకటి, చేతుల ఒకటి అంటది. నేనేమన్న మోసం జేస్తున్ననా?" అంది అమ్మాయి.

"ఫోన్ మార్చుమంటే ఇంటదా?" అన్నాడు భర్త.

"ముందు నిన్ను మార్చాలె. ఫోన్ సంగతి తర్వాత."

మూడో చీర పసుపుది. ఫోటోలో పండని నిమ్మకాయలా వచ్చింది. నేను బొమ్మలు వేసే తెల్లకాగితం ఒకటి చీర మీద పెట్టి మళ్లీ తీయమన్నాను. కాగితం కూడా లేత ఆకుపచ్చగా వచ్చింది. తలెత్తి చూశాను. వాన పడకుండా వేయించిన ఆకుపచ్చ ఫైబర్ రేకు! ఏడాదిగా దాని కిందే బొమ్మలు వేస్తున్నా నాకు తట్టలేదు. నేను చూసి బొమ్మ వేసే పండూ, దాన్ని వేసే కాగితమూ ఒకే వెలుతురులో ఉంటే కన్ను సర్దుకుపోతుంది. ఫోటో మాత్రం ఆ వెలుతురును కామ్‌రేజ్ దాకా మోసుకుపోయింది.

"ముప్పై ఏళ్లు బాయిలర్లు చూసిన కళ్లు కదా, నెత్తిమీది రేకు కనపడటానికి ఏడాది పట్టింది" అంది మా ఆవిడ.

మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో చీర ఆరేశాం. బొమ్మలో నీడవైపు రంగు కాస్త పలచన చేస్తామే, అలాగే మా ఆవిడ తెల్లదుప్పటి పట్టుకుని ఎండను మడతల్లోకి మళ్లించింది. ఈసారి కాగితం తెల్లగా, చీర అసలు రంగులో మామిడిపండులా వచ్చాయి. ఆ ఫోటో పంపితే కామ్‌రేజ్ ఆవిడ చూసి చీర తెమ్మంది. సాయంత్రం అమ్మాయి భర్త బండి మీద వెళ్లి ఇచ్చి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి ఫోన్ పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చింది. కామ్‌రేజ్ ఆవిడ ఓ ఫోటో పంపింది. అందులో చీర ఇటుక రంగులో ఉంది.

"అయిపాయె సార్, ఇది గూడ వాపసే" అని మెట్ల మీదే కూలబడింది.

ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ గొంతు నాకూ వినిపించింది. "చూసినవా పిల్లా? రాత్రే కట్టుకున్న. అచ్చం నువ్వు పంపిన రంగే. మా ఇంట్ల బల్బు కింద ఫోటో తీపిచ్చిన, ఎంత మంచిగ పడ్డదో! మా చెల్లెకు గూడ ఒకటి పంపు."

అమ్మాయి నావైపు చూసి నవ్వు ఆపుకుంది. "పంపుత అక్కా," అంది, "గని ఆమెకు ఫోటో నేనే పెడత."