నేను నడిపితేనే కాగే కారు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేనికి కరువొచ్చినా అనుమానానికి మాత్రం రాలేదు. నాన్నగారికి కంకిపాడులో ఎరువుల కొట్టు. ఏళ్ల తరబడి బస్తాలు తూయించి తూయించి, లోకంలో ప్రతిదీ చెప్పినదానికన్నా కాస్త తక్కువే తూగుతుందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. పాలవాడి మీద అనుమానం, కరెంటు మీటరు మీద అనుమానం, పులుసులో ములక్కాడలు తగ్గాయని అమ్మ మీద అనుమానం. ("పోనీలే, ఆ మనిషికదో కాలక్షేపం" అనేది అమ్మ.) అలాంటాయన సెకండ్ హ్యాండ్ కారు కొన్నారంటే ఇక చెప్పేదేముంది! పెట్రోలు తాగేస్తుందని ఏసీ మీటకు టేపు అంటించారు. రాత్రి పడుకోబోయే ముందు వెళ్లి టైర్లు నొక్కి చూసి వచ్చేవారు.

నాకప్పుడే బెజవాడలో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం బస్సులో ఒంటికాలి మీద నిలబడి, ఎవరి టిఫిన్ క్యారేజీయో నడుముకు గుచ్చుకుంటుండగా ఇల్లు చేరేసరికి ప్రాణం ఉసూరుమనేది. అందుకే డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, బతిమాలి, అలిగి, అన్నం మానేస్తానని బెదిరించి (మానలేదు లెండి, ఆ పూట గోంగూర పచ్చడి చేశారు) మొత్తానికి కారు తాళం సంపాదించాను. మొదటి రోజు అద్దాలు దించుకుని, ఎడ్ల కొట్టం దగ్గర కూర్చున్న వాళ్లంతా చూసేలా నెమ్మదిగా పోనిచ్చాను. ఎంత గర్వమో!

ఆ గర్వం పటమట దాటేదాకానే. బెంజ్ సర్కిల్ దగ్గర బళ్ల మధ్య ఇరుక్కుని చీమలా పాకుతుంటే, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకడం మొదలెట్టింది. పక్కకు తీసి ఆపి, చల్లారాక మళ్లీ బయల్దేరాను. మర్నాడూ అదే తంతు, ఆ మర్నాడూ అంతే. ఇక దాచలేక ఇంట్లో చెప్పాను. నాన్నగారు కారు వైపు చూడనే లేదు, నన్ను ఎగాదిగా చూశారు.

"ఏం చేశావే దాన్ని?"

"నేనేం చెయ్యలేదు నాన్నా. ట్రాఫిక్‌లో నిలబడితే కాగిపోతోంది."

"నిలబడితే కాగడమేంటే? పరిగెత్తితే కాగాలిగానీ! నిన్న నేను హనుమాన్ జంక్షన్ దాకా రయ్యిమని వెళ్లొచ్చా. ముల్లు సగం కూడా దాటలా."

నిజమే. ఆయన నడిపితే కాగదు, నేను నడిపితే కాగుతుంది. నేరం నాదేనని తేలిపోయింది. క్లచ్ మీద కాలేసి కూర్చుంటున్నానన్నారు. దారిలో స్నేహితురాళ్లందర్నీ ఎక్కించుకుంటున్నానన్నారు. పోనీ ఆటోనగర్ తీసుకెళ్లి మెకానిక్‌కి చూపిద్దామంటే, "బానెట్ ఎత్తనిచ్చాక లోపల ఏముందో, ఏం పోయిందో మనకేం తెలుస్తుంది? ఎవడూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు" అన్నారు. రోజూ రేడియేటర్లో నీళ్లు మాత్రం తనే చూసి, నిండుగానే ఉన్నాయని నిట్టూర్చేవారు. పోనుపోనూ ఆ జబ్బు నాకూ అంటుకుంది. తాళం వెనక్కి లాక్కోవడానికి ఈయనే ఏదైనా చేస్తున్నారేమోనని (కన్నతండ్రినండీ!) అనుమానించాను.

చివరికొక శనివారం నాన్నగారు తేల్చేశారు. "రేపు గుడివాడ నుంచి పార్టీ వస్తోంది. కారు అమ్మేస్తున్నా. నువ్వు బస్సులోనే వెళ్లు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "అయితే ఇవాళ మీరే నడపండి, బెంజ్ సర్కిల్లో. నేను పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటా" అన్నాను. నన్ను ఓడించడానికైనా సరే, ఆయన ఒప్పుకున్నారు.

పటమట దాకా ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది. బళ్లు ఆగాయి. ముల్లు కదిలింది. నాన్నగారు దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. "ఏదీ, నీ చేతులు చూపించు." చూపించాను. మీటరు అద్దం మీద వేలితో కొట్టి, "ఈ ముల్లే దొంగది" అన్నారు. అది ఇంకాస్త లేచింది. చేసేదిలేక పక్కకు ఆపి, ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తారు.

నేను తొంగిచూశాను. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది, సరే. మరి నిలబడ్డప్పుడు గాలి విసిరేదెవరు? ముందు భాగంలో ఫ్యాన్ ఉంది. అంత వేడిలోనూ కదలకుండా కూర్చుంది. దాని వైరు ఊడి వేలాడుతోంది. ఊడటమా! కొసకు శుభ్రంగా ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు కూడా వేసి ఉంది.

"నాన్నా, ఎవరో ఫ్యాన్ వైరు పీకేశారు!"

ఇక దొంగల మీద చిందులేస్తారనుకున్నాను. ఆయన తాపీగా, "ఎవరో ఏంటే, నేనే" అన్నారు. "బండి ఆపి తాళం తీసినా గిర్రున తిరుగుతోందది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఆపుతామా, ఆపమా? అసలే నీకు స్విచ్చిలు కట్టే అలవాటు లేదు. బ్యాటరీ తినేస్తుందని, నీకు తాళం ఇచ్చే ముందు నేనే పీకి జాగ్రత్త చేశా."

నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వాను. ఇంజను ఆపి, కవరు ఊడదీసి, వైరు తగిలించి మళ్లీ స్టార్ట్ చేశాను. ఫ్యాన్ ఒక్కసారిగా బుర్రున తిరిగింది. కాసేపటికి ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. నాన్నగారు ఇంటికి రాగానే గుడివాడ ఆయనకు ఫోన్ చేసి, "అమ్మట్లేదండీ. మా అమ్మాయి వాడుకుంటోంది. బ్రహ్మాండంగా నడుపుద్ది" అన్నారు. నాతో మాత్రం ఆ ముక్క ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు నాకు సొంత కారుంది. ఎండాకాలం ఆఫీసు నుంచి వచ్చి ఆపాక, బానెట్ లోపల ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇంజను వేడి తగ్గించడానికే తిరుగుతోందని నాకు తెలుసు, కాసేపట్లో ఆగుతుందనీ తెలుసు. మా ఆయన లిఫ్టు దగ్గర నిలబడి "ఇంకా ఏంటి అక్కడ?" అని విసుక్కుంటారు. "మీరు పదండి, వస్తున్నా" అంటాను. అది ఆగేదాకా నా కాలు కదలదు.