యోహాను మేస్త్రి నేర్పిన భయం

"ఆ తొట్టిలో నీళ్లు తోడెయ్, నూకరత్నం."

"ఎందుకు తోడాలి మేస్త్రిగారూ? మూడు రోజులైంది. కింద పరిసిన పేపరు సూడండి, సుక్క తడి లేదు."

"తడిసేదాకా ఆగుతావేటి?"

"తడవనిదానికి భయపడమంటారేటి?"

నిన్న మా వంటింటి సింకు అంచుకు సిలికాన్ జిగురు పూశారు. పుల్లగా ముక్కుకెక్కే ఆ వాసనతో పాటే ఈ మాటలూ వినబడ్డాయి. యోహాను మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లి నుంచి తుమ్మపాల వెళ్లే దారిలో, రేకుల షెడ్డులో ఆయన చేపల తొట్లు తయారుచేసేవారు. గాజు తుడవడం, అంచులకు జిగురు పట్టించడం నా పని. నేను చదివింది మూడో తరగతి. అప్పటికే ఇద్దరు మనవలు. ఏదీ పారెయ్యలేని చెయ్యి నాది.

చేరిన వారంలోనే, మా స్నానాలగదికి పూయగా మిగిలిన సగం సిలికాన్ ట్యూబు పనికొస్తుందని పట్టుకెళ్లాను. ఆయన దాన్ని తిన్నగా చెత్తబుట్టలో వేశారు. "ఇందులో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది నీళ్లలోకి దిగితే సేపలు బతకవు. సబ్బుపొడి మిగిలిందని పులుసులో ఏత్తావేటి నువ్వు?" అన్నారు. మనిషి నెమ్మది, మాట మాత్రం తగలవలసిన చోటే తగిలేది. కొత్త తొట్టి దేన్నీ ఆయన నమ్మేవారు కాదు. నీళ్లు నింపి, కింద పొడి పేపరు పరిచి, మూలల వెంట వేలు నడుపుతూ వారం రోజులు కాచేవారు. ఇంత పిరికివాడు గాజుపని ఎలా చేస్తున్నాడా అని లోలోపల నవ్వుకునేదాన్ని.

మేం గొడవ పడిన ఆ తొట్టి ఒక పిల్లల ఆస్పత్రిది. నాలుగడుగుల పొడవు. మేస్త్రి జ్వరంతో పదిరోజులు రాలేదు. ఆ రోజుల్లోనే దాని ముందు పలక నా చేతిలో పగిలింది. ఏదో షాపు బోర్డు పనిలో మిగిలిన అక్రిలిక్ షీటు, గాజులా కనబడే ప్లాస్టిక్‌ది, మూల పడి ఉంటే, అదే కొలతకు కోసి సిలికాన్‌తో అతికించాను. ఎండాక నీళ్లు నింపాను. నిలిచింది. నాకు గర్వం కూడా వచ్చింది.

ఆయన రాగానే ఇనప స్కేలు ఆ షీటుకు ఆనించారు. స్కేలు మధ్యలో తగిలింది, రెండు చివరలా వేలు దూరేంత సందు. షీటు పొట్టలా ముందుకు వచ్చింది.

"పోనీ, అక్రిలిక్‌ని అతికించే మందుంది కదా, నీళ్లలా ఉంటాది, అది పొయ్యనా?" అన్నాను.

"అది అక్రిలిక్‌ని కరిగించి అతుకుతాది. గాజు కరుగుతాదేటి? సిలికాన్ గాజునైతే వదలదు. అక్రిలిక్‌ని మాత్రం పెళ్లికొచ్చిన సుట్టంలా పట్టుకుంటాది. ఎప్పుడు లేచెళ్లిపోతాదో సెప్పదు."

"గరుకు కాగితంతో రుద్ది అతికితే?"

"మూతకైతే సాలు. నీళ్ల బరువు మోసే గోడకి సాలదు. దాని ముందు బల్ల మీద జొరం పిల్లలు కూకుంటారు."

"మీకు అన్నిటికీ భయవే."

"అవును. రేపు పొద్దున్న తొట్టి పట్టుకెళ్లడానికి ఆటో వత్తాది. పంపాలో వద్దో నువ్వే సెప్పు," అని ఆయన వేరే పనిలోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆ తొట్టి తుడుస్తుంటే కింది మూలలో, షీటుకూ జిగురుకూ మధ్య గోరంత వెండి గీత కనబడింది. మరకేమోనని గట్టిగా రుద్దాను. పోలేదు. సాయంత్రానికి చిటికెన వేలంత పొడుగైంది. జిగురు షీటును వదిలేస్తోందన్నమాట. కింద పేపరు మాత్రం పొడిగానే ఉంది. ఆయన దాన్ని చూశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే, చేపల్ని చూడ్డానికి ఆ షీటుకు నుదురు ఆనించిన పసిబిడ్డ కనబడింది. ఆ పలక ఊడితే అన్ని నీళ్లూ ఆ బిడ్డ మీదికే. అతికించింది నా చెయ్యి. కంచం పక్కకు జరిపి లేచాను.

అప్పటి నుంచి నిలబడి ఉందన్న కారణానికి దేన్నీ నమ్మను. గ్యాసు పైపైనా, కుర్చీ కాలైనా ఎక్కడ విడిపోతుందో ముందు వెతుకుతాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మర్నాడు పొద్దున్న ఆటో వచ్చేసరికి నేను బకెట్టుతో నీళ్లు తోడుతున్నాను. తొట్టి అప్పటికీ కారలేదు. ఖాళీ అయ్యాక మేస్త్రి షీటు పై మూల చూపించి "లాగు" అన్నారు. రెండు వేళ్లతో లాగాను. మొత్తం ఊడి వచ్చింది. జిగురంతా గాజు అంచుకే ఉండిపోయింది, షీటు మీద మచ్చ కూడా లేదు. ఆటో అతన్ని ఖాళీగా పంపేసి, ఆస్పత్రికి కబురు పెట్టి, కొత్త గాజు పలక కొలవడం మొదలుపెట్టాను.