కొరికి చూసే పెద్దమ్మ

బారువలో మా పక్కింటి పెద్దమ్మ ఎండు రొయ్యలు అమ్మేది. గంపకెత్తేముందు ఒక రొయ్య కొరికి చూసేది. సరిగా ఎండనిది కలిస్తే సరుకంతా పాడైపోతుంది. నలభై దాటాక ఆ కొరుకుడుకే పెదవులు వాచి, ఊపిరాడలేదు. ఇక రొయ్య ముట్టొద్దన్నాడు టెక్కలి డాక్టరు.

"పుట్టినకాణ్నుంచి తిన్నదే కదా! ఇప్పుడు పడకపోడమేటి?" అంది. అప్పట్నుంచి ముందు అలర్జీ మాత్ర మింగి, తర్వాత కొరికేది.

నేను ఆఖరిసారి వెళ్లేసరికి కళ్లు తెరవలేనంతగా ముఖం వాచి ఉంది. ఒక రొయ్య నా చేతిలో పెట్టి, "నువ్వు కొరికి సెప్పమ్మా" అంది. కొరికాను. ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు.

"బాగా ఎండింది పెద్దమ్మా."

నమ్మలేదు. మాత్రల షీటు తడిమింది. ఖాళీ.

"నీకేటి తెలుత్తాది!" అంటూ నా చేతిలోని సగం రొయ్య తీసుకుని నోట్లో వేసుకుంది.