నానేదాకా ఆగిన పైడిరాజు బావ

మా పైడిరాజు బావ ఇక లేడు. ఉదయం ఛాతీలో నొప్పని ఆసుపత్రికి వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి విగతజీవుడై తిరిగివచ్చాడు. వారం గడిచినా నా మనసు ఈ దారుణాన్ని అంగీకరించడం లేదు.

ఆయన మా గౌరక్క భర్త. విజయనగరం పొలిమేరలో, కారును బెల్టే బ్రష్షుల మధ్యకు లాక్కుపోయి కడిగించే కేంద్రాన్ని మేమిద్దరం నడిపాం. నాది వేగం పక్షం, ఆయనది శుభ్రత పక్షం. ఘాట్‌రోడ్డు ఎర్రమట్టి, పూజలో బానెట్‌కు పూసి ఎండిపోయిన పసుపు వట్టి బ్రష్షుకు లొంగవు, నురుగులో నానాలి. ఆగితేనేమో వెనక హారన్లు, వెనుదిరిగే కార్లు. రోజూ మాకదే యుద్ధం.

ఒకసారి క్యూ చివర పెళ్లికొడుకు కారు నిలిచింది. ముహూర్తం శృంగవరపుకోటలో. "ఏటయ్యా, పెళ్లయిపోయాక పంపుతావేటి?" అని వరుడి మేనమామ కేకలేశాడు. నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను. బావ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బెల్టు జోరు సేస్తే బురద జోరుగా పోదురా. ముందు నాననీ."

నాకు ఒళ్లు మండింది. ఆయన నింపాదిగా బయటికి నడిచి, క్యూలో ఉన్న కార్లన్నిటికీ అక్కడికక్కడే నురుగు కొట్టించాడు. లోపలికి వచ్చేసరికి అన్నీ నానే ఉన్నాయి, బెల్టు ఆగలేదు. పెళ్లివారు వేళకే చేరారు. నాటినుంచి అదే మా పద్ధతి.

కడిగిన ప్రతి కారు వెనక చక్రం దగ్గరా ఆయన గొంతుక్కూర్చుని వేలితో రాసి చూసి, "ఇక పోనీ" అనేవాడు. ఆ మాట వినకుండా ఏ డ్రైవరూ గేటు దాటలేదు.

బావ పోయిన సాయంత్రం వానలో వైకుంఠరథం బురదకొట్టుకుని వచ్చింది. అందులో బావను ఎక్కించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. "పొద్దుగూకితే దహనం సెయ్యకూడదు. బేగి కానీ" అని పెద్దలు తొందరపెట్టారు. బండిని బెల్టెక్కించి వేగం పెంచేశాను. పక్కనే ఉన్న ఇంట్లో, బావ తల దగ్గర కూర్చున్న అక్క ఆ శబ్దం విని గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఆపు. నానిందేటి?"

స్విచ్చి కట్టేసి, బండికి నురుగు కొట్టించాను. నురుగు జారుతున్నంతసేపూ పడమటి వెలుగునే చూస్తూ నిలబడ్డాం.

బండి బయటికొచ్చాక వెనక చక్రం దగ్గర నేనే కూర్చున్నాను. మట్టి లేదు. బావను ఎక్కించారు. డ్రైవరు అలవాటుగా గేటు దగ్గర ఆగి నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను.

"ఇక పోనీ" అంది అక్క.

బావా, నీ పద్ధతి తప్పనివ్వను, అదే నీకు నా అంజలి. కానీ గేటు దగ్గర డ్రైవర్లు ఇప్పటికీ ఆగుతున్నారు, నీ మాట కోసం.