ఇంటికొచ్చిన కారు గురించి రాయమన్న మనిషి

పోయిన నెల ఒక పొద్దున, విడవలూరులో మా మామయ్య చనిపోయారు. కారు కడుగుదామని బకెట్టులో నీళ్లు పడుతూ కుళాయి దగ్గరే కూలబడ్డారట. నేను నెల్లూరు నుంచి వెళ్లేసరికి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. మా మేనత్త నన్ను చూసి, "మీ మామ పోయినాడమ్మా" అంది. 

ఈ పేజీలో కొన్నేళ్లుగా నేను రాస్తున్న కార్ల పోలికలు చదివే మీకు ఆయన తెలియదు. నా రాతల్లో మీకు నచ్చినవి చాలావరకు ఆయన చెప్పినవే. ఈ నెల మూడు అమెరికన్ మజిల్ కార్లను పోల్చి రాస్తానని మీకు మాటిచ్చాను. ట్రాకు మీద ఏది మేలు, రోజూ తిరగడానికి ఏది మేలు అని. సగం ఆయన చెబుతుంటే రాసుకున్నాను. మిగతా సగం వచ్చే ఆదివారం చెబుతానన్నారు.

మామయ్య పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో ఒక రేసు ట్రాకు పక్కనున్న వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేశారు. ముందు పెద్ద ఇంజను, రెండే తలుపులు, కడుపులో ఉరుము ఉండే ఆ బళ్లు ఆయన చేతుల మీదుగా వందలు వెళ్లాయి. ఇక్కడికొచ్చాక మాత్రం ఒక పాత చిన్న కారు కొనుక్కుని, ఎద్దుల బండిలా నడిపేవారు. దారిలో వడ్లు ఆరబోసి ఉంటే చుట్టూ తిరిగి పోయేవారు. బాతుల మంద అడ్డం వస్తే ఇంజను ఆపేసి, ఆఖరి బాతు కాలవలోకి దిగేదాకా చూసేవారు. ఊళ్లో కుర్రాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. ఎక్కడికెళ్లొచ్చినా దిగగానే నాలుగు టైర్లనూ అరచేత్తో, జ్వరం చూసినట్టు, తాకి గానీ లోపలికి వచ్చేవారు కాదు.

ఆ మూడు కార్ల గురించి అడిగితే కళ్లు మూసుకుని చెప్పారు. కమారోలో కూర్చుంటే బావిలో దిగినట్టేనట, బయట సరిగా కనబడదు. మలుపులో మాత్రం తాడు కట్టి లాగినట్టు తిరుగుతుందట. ఛాలెంజర్ నులక మంచం, గతుకులు తెలియవు. బరువైన బండి కాబట్టి ట్రాకు మీద దాన్ని బతిమాలుకోవాలి. మస్టాంగ్ రెండు పనులూ చేస్తుంది, దేన్లోనూ మొదటిది కాదు, అందుకే ఎక్కువమంది దాంతో కాపురం చేయగలరు అన్నారు. నేను గబగబా రాసుకుంటుంటే ఆపి, ముందు రోజువారీ సంగతి రాయమన్నారు. ఎప్పుడూ అదే మాట. "ట్రాకుకి పోయిన కారు గురించి ఎవరైనా రాస్తారు పాపా. ఇంటికొచ్చిన కారు గురించి నువ్వు రాయి."

ఆ మాట వెనక ఏముందో నాకు రెండేళ్ల కిందట తెలిసింది. వానాకాలం. అల్లూరు నుంచి ఇద్దరం వస్తుంటే మధ్యాహ్నం రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి. ముందు ఒక ట్రాక్టరు దాటింది, ఒక జీపు దాటింది. నెల్లూరులో నాకు పని ఉంది. మనమూ పోదామన్నాను. ఆయన వినలేదు. బండి పక్కకు తీసి ఆపేశారు. నాకు కోపం వచ్చి, ఇన్నేళ్లు రేసు కార్ల దగ్గర పనిచేసి ఇంత భయమేమిటన్నాను.

అద్దం మీద వాన చూస్తూ చెప్పారు. 

వర్క్‌షాపుకి ఒక అబ్బాయి వచ్చేవాడట. ఇరవై రెండేళ్లు. ట్రాకుకీ, రోజూ తిరగడానికీ ఒకటే కారు కావాలంటే మామయ్యే ఎంచి ఇచ్చారు. ఏ కారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ట్రాకు కోసం వేరే టైర్లుంటాయి. అవి వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటాయి. చల్లగా, తడిగా ఉంటే సబ్బు ముక్కలే. అందుకని ట్రాకు దిగిన ప్రతిసారీ వాటిని విప్పి మామూలు టైర్లు బిగించి పంపేవారు. ఆ రోజు ఆ అబ్బాయి, రేపొచ్చి మార్పించుకుంటానన్నాడు. మామయ్య సరేనన్నారు. దారిలో వాన. ఆ ఊళ్లో ఏడాదికోసారి పడే వాన. అబ్బాయి ఇల్లు చేరలేదు.

"ఎందుకు సరే అన్నానో తెలుసా పాపా? నాకు ఆకలిగా ఉండింది. అన్నం చల్లారిపోతాదని. అంతే, ఇంకేం లా."

ఆయన్ను ఎవరూ తప్పు పట్టలేదు. వారం తర్వాత ఆ అబ్బాయి తండ్రి వర్క్‌షాపుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ రోజు ట్రాకు మీద మా వాడు సంతోషంగా ఉన్నాడా అని ఒక్కటే అడిగాడట. ఉన్నాడని చెప్పారు మామయ్య. ఆ పెద్దమనిషి తలూపి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకి మామయ్య ఊరికి వచ్చేశారు. ఎందుకొచ్చేశావంటే అత్తకు కూడా నడుం నొప్పి అనే చెప్పారు.

నీళ్లు తీసేదాకా మూడు గంటలు అక్కడే ఉన్నాం. నేను మళ్లీ తొందరపెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ను తొందరపెట్టలేదు.

చివరిసారి వెళ్లినప్పుడు, మూడింటిలో నీకే ఇస్తే ఏది తీసుకుంటావు మామా అని అడిగాను. లోపల అత్త మోకాళ్లు పట్టుకుని లేవడం చూసి, గొంతు తగ్గించి, "మూడూ కిందికి ఉంటాయి. మీ అత్త ఎక్కి దిగలేదు. నాకెందుకు?" అన్నారు. పాఠకులారా, నా పోలిక ఇంతకంటే ముందుకు సాగలేదు. తీర్పు కూడా ఇదేనేమో, నాకు వేరేది తోచడం లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్ని రోజులు కదపకుండా ఉంటే బండి పాడైపోతుందేమో, వీధి చివరిదాకా తిప్పమంది. తనూ మెల్లగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను ఎక్కాను. సీటు మామయ్య పెట్టుకున్నట్టే బాగా వెనక్కి జరిపి ఉంది. నా కాళ్లు పెడళ్లకు అందలేదు. సీటు ముందుకు లాగబోయి కింద చెయ్యి పెట్టాను. అత్త నా చేతి వైపు చూసింది. 

చెయ్యి తీసేశాను. సీటు అంచుకు జరిగి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, మొదటి గేరులోనే వీధి చివరిదాకా నడిపాను. నా వీపుకీ సీటుకీ మధ్య, దారంతా, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.