ఆమె గ్లాసులో వంచిన కల్లు

మా అత్త మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఎనభైల్లో దుర్గి దగ్గర రాళ్ల క్వారీలో మా ఆయన పనిచేసే రోజుల్లో నేను తొలి కడుపుతో ఉన్నాను. మా తోడికోడలు రెండో కడుపుతో ఉంది. రోజూ పొద్దున్నే అత్త తాటికల్లు తెప్పించి మా ఇద్దరికీ చెరో గ్లాసు పోసేది. ఆ ఎండలకి కడుపులో బిడ్డకు చలవ చేస్తుందట. తాగిందాకా గుమ్మంలోనే నిలబడేది. మా మీద అంత ప్రేమ ఎందుకొచ్చిందో, అందులో ఏం కలుపుతోందోనని వాసన చూసి మరీ తాగేదాన్ని.

తోడికోడలి పెద్ద పిల్లాడికి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. పై పెదవి పలచగా, తల చిన్నగా ఉండేది. గ్రహణం పట్టిందని అత్త అనేది, దిష్టి అని చుట్టుపక్కల వాళ్లు అనేవాళ్లు. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు.

ఐదో నెలలో మాచర్లలో చూపించుకుంటే డాక్టరమ్మ ఏమేం తాగుతున్నావని అడిగింది. కల్లన్నాను.

"కల్లయినా సారాయైనా నువ్వు తాగితే లోపలి బిడ్డ తాగినట్టే. మెదడు సరిగా ఎదగదు. ఇవాళే మానెయ్," అంది.

ఆ పిల్లాడి మొహమే కళ్లముందు మెదిలింది.

ఇంటికొచ్చి నోరు విప్పానా? లేదు. అత్తకు చెబితే రచ్చ చేస్తుంది. తోడికోడలికి చెబితే అత్త చెవిన వేస్తుందని అనుమానం. ఆమె అత్తకు సొంత అన్న కూతురు మరి. పారబోద్దామంటే పేడతో అలికిన నేల, తడి ఇట్టే కనపడుతుంది. అందుకని అత్త కోళ్లను అదిలించడానికి అటు తిరగ్గానే నా గ్లాసు తోడికోడలి గ్లాసులో వంచేదాన్ని. ఆమె నవ్వి తాగేసేది. ఎటూ అలవాటున్న మనిషేగా అని సర్దిచెప్పుకున్నాను. ఎంత పాపిష్టిదాన్ని.

నా కూతురికి ఏడాది నిండేసరికి మాటలొచ్చాయి. ఆమె రెండోవాడు మూడేళ్లకు కూడా పిలిస్తే పలకలేదు. వాణ్ణి నరసరావుపేటలో చూపించుకొచ్చిన మర్నాడు ఇద్దరం మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. పక్కన నా కూతురు వాగుతూనే ఉంది. తోడికోడలు దాన్ని చానాసేపు చూసింది.

"కల్లు పడక నాకు పోస్తున్నావనుకున్నానే. అది బిడ్డకు చేటని నిన్న డాక్టరు చెప్పిందాకా నాకు తెలవదు. నీకు ముందే తెలుసా ఏంది?"

"తెలవదక్కా," అన్నాను.

ఆమె నమ్మింది. తల ఊపి మళ్లీ మిరపకాయలు చేతిలోకి తీసుకుంది. ఒక్క తిట్టు తిట్టినా నా ప్రాణం కుదుటపడేది.